మంగళగిరి వార్త అంటే కాన్వాయ్ వార్త ఒక్కటేనా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో మంగళగిరి పేరు లేని రోజు ఈ మధ్య దాదాపుగా లేదు. ఈ ఊళ్ళో పుట్టి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే విశ్రాంతి తీసుకుంటున్న పాఠకుడిగా నేను దానికి సంతోషించాలి. అయినా ఆ వార్తలన్నీ చదివి పత్రిక మడిచి పెట్టాక, మా ఊళ్ళో నిన్న ఏం జరిగిందో మాత్రం నాకు తెలియడం లేదు. ఏ ప్రముఖుడు జాతీయ రహదారి మీద ఎన్ని గంటలకు కారు దిగారు, పూలగుత్తి ఎవరు అందించారు, ఏ పార్టీ కార్యాలయంలో ఎవరు ఎవరిని ఏమన్నారు, పోలీసు ప్రధాన కార్యాలయంలో ఏ సమీక్ష జరిగింది అన్న సంగతులు వరసగా వస్తున్నాయి. అవన్నీ ఈ ఊరి పొలిమేరలో జరిగినవే, కాదనను. వాటిలో ఈ ఊరి మనుషులు మాత్రం ట్రాఫిక్ మళ్ళింపు దగ్గర ఆగిపోయిన వాహనదారులుగా తప్ప ఎక్కడా కనిపించరు. పైగా మంగళగిరిలో జరిగిన సమావేశానికి కూడా చాలాసార్లు వార్త మొదట్లో ఊరి పేరుగా (డేట్‌లైన్‌గా) ‘అమరావతి’ అనే పడుతోంది. ఇది కోపంతో రాస్తున్న లేఖ కాదు. జిల్లా పేజీలో మా ఊరి మామూలు బతుక్కి కొంత స్థలం అడగడానికి, ఆ స్థలంలో ఏం రావచ్చో చెప్పడానికి రాస్తున్నాను.

మా ఊరి పరిస్థితి కొంచెం విచిత్రమైనది. విజయవాడకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు, గుంటూరుకు ఇరవై పైచిలుకు. ఆ రెండు నగరాల మధ్య తిరిగే బస్సుల్లో మంగళగిరి చాలామందికి ఒక స్టేజీ మాత్రమే. 2014 తర్వాత రాజధాని కూడా మూడో పక్కన వచ్చి చేరింది. మా మండలంలోని నిడమర్రు, ఎర్రబాలెం, కురగల్లు వంటి గ్రామాలు రాజధాని పరిధిలోకి వెళ్ళాయి. 1969లో మునిసిపాలిటీ అయిన ఊరు 2021లో తాడేపల్లితో కలిసి నగరపాలక సంస్థ అయింది. దేనికి శివారో తేల్చుకోలేని ఊరిని అందరూ తమ శివారుగానే రాసుకుంటున్నారు. నిజానికి అమరావతితో మా చుట్టరికం రాజధానితో మొదలు కాలేదు. కృష్ణ ఒడ్డున అమరావతి పట్టణాన్ని కట్టించుకున్న రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే 1807–1809 మధ్య మా దిగువ సన్నిధిలోని, అంటే కొండ కింద ఉన్న లక్ష్మీనరసింహస్వామి గుడిలోని, తూర్పు గాలిగోపురాన్ని కట్టించాడు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. కట్టిన తర్వాత అది ఒక పక్కకు ఒరిగిందనీ, కంచి నుంచి వచ్చిన స్థపతుల (గుడి కట్టే శిల్పుల) సలహా మీద ఎదురుగా కోనేరు తవ్విస్తే నిటారుగా నిలిచిందనీ మా పెద్దలు చెబుతారు. ఇంజనీర్లు ఏమంటారో గానీ, ఆ కథ వినకుండా పెరిగిన పిల్లవాడు ఈ ఊళ్ళో ఉండడు.

ఊరి గొప్ప అనగానే పత్రికలు ప్రతి ఏడూ రాసే సంగతులు కొన్ని ఉన్నాయి. కొండ మీది నరసింహస్వామి అయిన పానకాల స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తే గుటకలు వేసిన శబ్దం వినిపిస్తుంది, సగం అయ్యాక అది ఆగిపోతుంది, మిగిలిన సగం భక్తుడికి ప్రసాదంగా ఇస్తారు, అంత బెల్లం ఒలికినా అక్కడ చీమలు కనిపించవు. ఇవన్నీ మాకు ప్రియమైనవే. అయితే ప్రతి తిరునాళ్ళకీ ఇవే వాక్యాలు, కిందటి ఏడాది ఫోటోతో సహా, తేదీ మాత్రం మారి అచ్చయితే చదివేది ఎవరు? కొండ మీద రోజూ అంత పానకం కలిపేది ఎవరో, బెల్లం ఏ ఊరి నుంచి వస్తుందో, మెట్ల దారిలో పొద్దున్నే ఊడ్చేది ఎవరో, ఘాట్ రోడ్డు వచ్చాక ఆ మెట్ల పక్కన అమ్ముకునే వాళ్ళ బేరం ఏమైందో ఒక్కసారి రాసి చూడండి. 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించిన మెట్లవి. వాటిని ఎక్కి దిగేవాళ్ళలో యాత్రికులే కాదు, పొద్దుటి నడకకు వచ్చే రిటైరైన ఉద్యోగులు, పరీక్షలకు ముందు మొక్కుకోవడానికి వచ్చే ఇంటర్ పిల్లలు, గండం గడిచిందని పైన గండాల స్వామి దగ్గర దీపం పెట్టడానికి పోయే ఇల్లాళ్ళు కూడా ఉంటారు. గండాల స్వామికి అక్కడ విగ్రహం లేదు, దీపమే స్వామి. ఆ దీపం ఎవరి కోసం వెలిగిందోనని కింద ఊళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. అసలైన స్థానిక వార్త అంటే అదే కదా!

రథోత్సవం సంగతి కూడా అంతే. ఫాల్గుణ శుద్ధ చతుర్దశి రాత్రి కల్యాణం, పౌర్ణమినాడు తేరు. మరునాటి పత్రికలో జనసందోహం ఫోటో, హాజరైన నాయకుల పేర్లు, బందోబస్తు వివరాలు వస్తాయి. రథాన్ని నిజంగా నడిపే వాళ్ళ గురించి ఒక్క వాక్యం ఉండదు. లాగేది వేల చేతులే అయినా, దాన్ని తిప్పేదీ ఆపేదీ చక్రాల పక్కన చెక్క దిమ్మెలు పట్టుకొని నడిచే కొద్దిమంది. మోకు బిగిసిందో సడలిందో చూసుకుంటూ, జనం ఊపు మీద ఉన్నప్పుడు ఏ చక్రం కింద దిమ్మె వేయాలో, ఎప్పుడు తీయాలో వాళ్ళు కంటిచూపుతోనే చెప్పుకుంటారు. చేయి వెనక్కి తీయడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. ఆ పని వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తర్వాతి తరంలో దాన్ని ఎవరు అందుకుంటున్నారు అన్నది రాస్తే, అది ఆధ్యాత్మిక పేజీ వార్తగానూ ఉంటుంది, పనితనం గురించిన వార్తగానూ ఉంటుంది.

నా అసలు బాధ చేనేత గురించి. మంగళగిరి చీర అంటే దేశమంతటా తెలుసు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏటా ఆగస్టు 7న, 1905 నాటి స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా జాతీయ చేనేత దినోత్సవం వస్తుంది. ఆ రోజు మీ పత్రికలో మగ్గం ముందు నిలబడి నవ్వుతున్న అధికారుల ఫోటోలు కూడా వస్తాయి. ఆ నెలలోనే, అంటే వానలు ముదిరినప్పుడు, రత్నాల చెరువు వైపు ఒక నేత కుటుంబం ఇంటికి మీ విలేకరిని పంపండి. మావి గుంట మగ్గాలు. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చొని, కింద తొక్కుడు చెక్కలు తొక్కుతూ పైన అడ్డదారం మోసే నాడె విసురుతాడు. చెరువు అన్న పేరు ఊరికే రాలేదు గనుక, నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గుంట అడుగున నీరు ఊరడం మొదలవుతుంది. మొదట మట్టి నల్లబడుతుంది, తర్వాత చెమ్మ, ఆ తర్వాత చీలమండ దాకా నీళ్ళు. ఇంటావిడ చెంబుతో తోడి బకెట్‌లో పోసి వీధిలో పారబోస్తుంటే, ఆయన పడుగు, అంటే మగ్గానికి బిగించిన నిలువు దారాలు, తడవకుండా పాత దుప్పటి కప్పుతాడు. తోడిన గంటకే మళ్ళీ ఊరుతుంది. ఎండ లేకపోతే గంజి పెట్టిన పడుగు ఆరదు, ఆరని దారం నేతకు లొంగక తెగుతుంది. మగ్గం ఆగిన రోజు కూలి లేదు, ఎందుకంటే ఇది చీర లెక్క పని, రోజు లెక్క కాదు. వీధిలో నీళ్ళు నిలిస్తే ‘లోతట్టు ప్రాంతాలు జలమయం’ అని మీ పత్రికలో ఒక శీర్షిక వస్తుంది. ఇంటి లోపల గుంటలో నిలిచిన నీళ్ళు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు.

ఏ వాన ఎన్ని మగ్గాలను ఎన్ని రోజులు ఆపిందో అచ్చులో పడితే, పరిహారం అడగడానికి నేతగాడి చేతిలో ఒక కాగితం ఉంటుంది. నేను ఉద్యోగం చేసిన కాలంలో ఏ దరఖాస్తుకైనా పేపరు కటింగు జతచేస్తే అధికారి కళ్ళజోడు సర్దుకొని చదివేవాడు. ఇప్పుడూ అంతేనని నా నమ్మకం.

చేనేతలోనే ఇంకో సంగతి. మరమగ్గం మీద నేసిన బట్టను మంగళగిరి పేరుతో అమ్మడం బజారులో మామూలైపోయింది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల నేతలను చేతిమగ్గానికే కేటాయించినా, దుకాణానికి వచ్చే ఇల్లాలికి ఆ చట్టం ఏం తెలుస్తుంది? సంప్రదాయ మంగళగిరి చీరకు ఒంట్లో బుటా ఉండదు, నేత బిగువుగా ఉంటుంది, అంచులో నిజాం అంచు అని మేము పిలిచే జరీ నేత ఉంటుంది. మీ మహిళా పేజీలో నగరంలోని డిజైనర్ల గురించి రాసే దానిలో పదోవంతు చోటు ఇచ్చి, అసలుకూ నకలుకూ తేడా ఇక్కడి నేతగాళ్ళ మాటల్లోనే చెప్పించండి. వాళ్ళు అంచు మీద వేలు ఆడించి చెప్పేస్తారు. కొనేవారికి అది పనికొస్తుంది, నేసేవారికి గౌరవంగా ఉంటుంది.

ఒకప్పుడు ఇలాంటి వార్తలు వచ్చేవి. 1980ల చివర్లో తెలుగు పత్రికలు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినప్పుడు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పత్రిక కొనేవాళ్ళు పెరగడానికి అవే ముఖ్య కారణమని అందరూ ఒప్పుకుంటారు. ఆటోలో ప్రయాణికురాలు మరచిపోయిన నగల సంచిని తిరిగి ఇచ్చిన డ్రైవరు, పదో తరగతిలో ఊరికి మొదటగా వచ్చిన నేతగాడి కూతురు, కుళాయి నీళ్ళు ఏ వీధికి ఏ వేళ, కరెంటు కోత ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న వార్తలు చిన్న అక్షరాల్లోనే అయినా వచ్చేవి. కరోనా కాలంలో, 2020లో, చాలా పత్రికలు ఆ అనుబంధాలను ప్రధాన పత్రికలోనే కలిపేశాయి. కాగితం ధర, ప్రకటనలు తగ్గడం వంటి కష్టాలు మీకు ఉన్నాయని నాకు తెలుసు. కుదించిన చోటులో ముందుగా పోయినవి ఎందుకు సామాన్యుల వార్తలే అయ్యాయి అన్నది నా ప్రశ్న. నాయకుల పుట్టినరోజున కేకు కోసిన ఫోటోలు కుదింపులోనూ చెక్కుచెదరలేదు. వీధి మలుపులో ఫ్లెక్సీ మీద చూసిన ముఖాలనే పొద్దున్నే పత్రికలో మళ్ళీ చూపించడం వార్త కిందికి వస్తుందా అని మర్యాదగానే అడుగుతున్నాను.

ఇందులో స్థానిక విలేకరులను తప్పుపట్టడం న్యాయం కాదు. చాలా పత్రికల్లో వాళ్ళకు జీతం అన్నది లేదు, అచ్చయిన వార్తను బట్టి ఏదో కొంత ముడుతుంది, ఆ పైన ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా వాళ్ళ నెత్తినే ఉంటుంది. ప్రకటన ఇచ్చేవాడి ఫోటో వేయకుండా, ప్రకటన ఇవ్వలేని నేతగాడి ఇంటికి వానలో వెళ్ళి కూర్చోమంటే అతనెలా వెళ్తాడు? ఆ మార్పు విలేకరి స్థాయిలో జరిగేది కాదు గనుకనే నేరుగా మీకు రాస్తున్నాను.

ఇప్పుడు ప్రతి వీధికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, చిన్న సంగతులన్నీ అక్కడ తెలిసిపోతున్నాయి కదా అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. తెలిసే మాట నిజమే. ఆ గ్రూపుల్లో నేనూ ఉన్నాను. శుభోదయం బొమ్మల మధ్య నుంచి వార్తను ఏరుకోవాలి, ఏరుకున్నది నిజమో కాదో తేల్చేవాళ్ళు ఉండరు. రేపు నీళ్ళు రావని ఎవరో పెడితే వీధి మొత్తం డ్రమ్ములు నింపుకుంటుంది, తెల్లారి కుళాయి మామూలుగానే వస్తుంది, ముందు పెట్టినవాడు మెసేజ్ చెరిపేసి ఊరుకుంటాడు. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేయించవచ్చు. అదీగాక ఫోను మారితే పోయే సంగతి ఊరికి చరిత్ర కాదు. మా కోనేరు గురించి ఒక మాట చెబుతాను. 1816లో పిండారీలనే గుర్రపు దోపిడీ దండులు ఈ ఊరిని దోచుకున్నాయి. డొక్కల కరువు అని మన వాళ్ళు ఇప్పటికీ భయంగా చెప్పుకునే 1832 నాటి గుంటూరు కరువులో కోనేరు ఎండిపోతే, అడుగున వేల తుపాకులు బయటపడ్డాయని జిల్లా చరిత్రలో ఉంది. ఎవరో ఒక గుమాస్తా లెక్కపెట్టి రాసిపెట్టబట్టే ఇవాళ మనకు ఆ సంగతి తెలుస్తోంది. రెండు వందల ఏళ్ళ నాటి ఊరి గురించి తెలిసినంత కూడా, ఈ పదేళ్ళలో రాజధాని పక్కన మా ఊరు ఎలా మారిందో ఎక్కడా రాసి లేదు.

మారింది మాత్రం చాలా ఉంది. క్షయ రోగుల శానిటోరియం ఉన్న చోట ఎయిమ్స్ వెలిసింది. 2018లో వైద్య విద్య, ఆ మరుసటి ఏడు రోగులకు సేవలు మొదలయ్యాయి, 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. పెద్దవాళ్ళ నోట ఆ చోటు ఇంకా శానిటోరియమే. తెల్లవారుజామునే ఓపీ చీటీ కోసం రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళు బస్సు దిగి, ఫైలు చంకలో పెట్టుకొని, ఎటు వెళ్ళాలని అడిగేది మా ఊరి ఇడ్లీ బండ్ల వాళ్ళనీ, ఆటోవాళ్ళనీ. శ్రీకాకుళం యాసలో అడిగినా, రాయలసీమ యాసలో అడిగినా వాళ్ళు ఏ విభాగానికి ఏ గేటు దగ్గరో చెప్పి పంపుతారు. రాత్రి ఉండడానికి గది అద్దె ఎంతకు దొరుకుతుందో కూడా చెబుతారు. ఆ అద్దెలు ఏ మేరకు పెరిగాయో, వాటిని ఎవరైనా అదుపు చేస్తున్నారో లేదో మాత్రం మీ పత్రికే చెప్పాలి. ఊరు మంచిది అని రాయమని నేను అడగడం లేదు. ఊరి మంచీ చెడూ రెండూ ఊరివాళ్ళవే రాయమంటున్నాను.

పేర్ల ముచ్చట కూడా ఒకటి చెప్పాలనిపిస్తోంది. మెయిన్ బజారులో నిలబడి ‘పానకాలూ’ అని గట్టిగా పిలిస్తే కనీసం ముగ్గురు వెనక్కి తిరుగుతారు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు పెట్టడం తగ్గింది. అది ఎప్పుడు, ఎందుకు తగ్గిందో బడి రిజిస్టర్లు తిరగేసి ఎవరైనా కుర్ర విలేకరి రాస్తే, నేను ఆ రోజు పత్రిక రెండు ప్రతులు కొంటాను.

ఇక నా విన్నపం. వారానికి ఒక్క రోజు, జిల్లా పేజీలో ఒక పావు భాగం, మంగళగిరికి కేటాయించండి. మాకే కాదు, తెనాలి, పొన్నూరు వంటి పట్టణాలకు కూడా వంతుల వారీగా ఇస్తే ఇంకా బాగుంటుంది, మా ఊరికే కావాలన్న పట్టుదల నాకు లేదు. అందులో నాయకుల ఫోటోలు ఉండకూడదన్న ఒక్క నియమం పెట్టండి. నగరపాలక సంస్థ పనులు, పన్నుల గడువులు, నీటి వేళలు వంటివి ఒక పక్కన ఉండనివ్వండి. రెండో పక్కన ఆ వారం ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళో, చావులో, పందేలో, గెలుపులో, ఎవరి మగ్గం ఆగిందో, ఎవరి అమ్మాయికి ఉద్యోగం వచ్చిందో రాయండి. మా శాఖా గ్రంథాలయంలో పొద్దున్నే పత్రిక రాగానే షీట్లు విడదీసుకొని తలా ఒకటి పట్టుకు కూర్చునే పెద్దలు ఉన్నారు. క్రీడల పేజీ కోసం కుర్రాళ్ళు ఎగబడతారు. జిల్లా పేజీ మాత్రం బల్ల మీద అలాగే ఉండిపోతోంది. దాని కోసం మళ్ళీ పోటీ పడే రోజు వస్తే మీ చందాదారులు పెరుగుతారని వేరే చెప్పనక్కర్లేదు.

పాఠకులు పంపే సమాచారం నమ్మేదెలా అన్న సందేహం మీకు ఉంటుంది. ప్రతి వార్తకూ పంపినవారి పేరు, చిరునామా, ఫోను తీసుకొని, మీ విలేకరి ఒకసారి సరిచూసుకున్నాకే వేయండి. మొదటి కొన్ని వారాలకు సరిపడా విషయాలు కూర్చి ఇవ్వడానికి నేనూ, గ్రంథాలయంలో నాతో కూర్చునే మరికొందరు మిత్రులూ సిద్ధంగా ఉన్నాము, దానికి పారితోషికం అక్కర్లేదు. ముందుగా రథానికి దిమ్మెలు వేసే వాళ్ళతో మాట్లాడించే ఏర్పాటు చేయగలం, ఎందుకంటే తిరునాళ్ళ మొదలయ్యాక వాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు. మీ విలేకరి మాఘమాసం లోపు వస్తే మంచిది. సాయంత్రం నాలుగు దాటాక గ్రంథాలయం దగ్గర ఎవరిని అడిగినా మమ్మల్ని చూపిస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత ఉద్యోగి, మీ పాఠకుడు,
మంగళగిరి, గుంటూరు జిల్లా.